ఇంటర్నెట్ చిరునామాల బదిలీ – కట్టుబాటు చేయువారెవరు?

(పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



నేటి మా ప్రసంగ విషయము మొదట వినుటకు మీకు దూరపు మాటవలె తోచవచ్చును. ఇంటర్నెట్ చిరునామాలను ఒక సర్వీసు సంస్థ మరియొక సర్వీసు సంస్థకు బదిలీ చేయుటకు కట్టుబాటులు ఏవి, వానిని ఎవరు చేయుదురు అనునది ఆ విషయము. మన గ్రామ పంచాయతీకి దీనితో ఏమి పని యని మీలో కొందరు అడుగవచ్చును. పని ఉన్నది. పంచాయతీ కార్యాలయమున జనన మరణముల నమోదు మొదలు నిధుల లెక్కల వరకు నేడు ఇంటర్నెట్ మీద నడచుచున్నవి. 2011 అక్టోబరులో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్కు అను పేర కేంద్ర ప్రభుత్వము ఆమోదించి, తరువాత భారత్‌నెట్ అని పేరు మార్చిన పథకము క్రింద దేశమందలి సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు తీగ వేయ సంకల్పించిరి. తీగ కంటికి కనబడును. తీగతోపాటు రావలసిన మరియొక వస్తువు కంటికి కనబడదు. అదియే చిరునామా. అది లేనిదే తీగ పనికి రాదు.

చిరునామా అనగానేమి?

ఉత్తరము చేరుటకు ఇంటి నంబరు, ఊరు పేరు ఎట్లు కావలెనో, ఒక కంప్యూటరు మరియొక కంప్యూటరుకు సమాచారము పంపుటకు అట్లే ఒక సంఖ్య కావలెను. దానిని ఐ.పి. చిరునామా అందురు. 203.0.113.7 అను తీరున నాలుగు అంకెల గుంపులతో అది ఉండును. ఒక్కొక్క గుంపు 0 మొదలు 255 వరకు ఏదైనను కావచ్చును. ఈ పద్ధతిని 1981 సెప్టెంబరులో ఖరారు చేసిరి. దీనిని నాలుగవ రకము, అనగా ఐ.పి.వి.4 అందురు. లెక్క కట్టినచో ఈ పద్ధతిలో మొత్తము 429,49,67,296 చిరునామాలు మాత్రమే సాధ్యము. అందును కొన్ని ప్రత్యేక ప్రయోజనములకు విడిచిపెట్టబడినవి.

నాలుగు వందల ఇరువది తొమ్మిది కోట్లు! కొన్ని విశ్వవిద్యాలయములు, కొన్ని పరిశోధన సంస్థలు మాత్రమే కంప్యూటర్లను కలుపుకొనుచున్న ఆ రోజులలో ఇది తరగని రాశియని తలచిరి. నేడు ప్రపంచ జనసంఖ్య 800 కోట్లు దాటినది. ఒక్కొక్క ఇంట రెండు మూడు సాధనములున్నవి. రాశి చాలలేదు. ఇక్కడనే మన కథ ఆరంభమగుచున్నది.

తొలి పంపకము

మొదట ఈ సంఖ్యల పట్టికను అమెరికాలో జాన్ పోస్టెల్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో కలసి నిర్వహించుచుండెను. తరువాత పని పెరిగి, ప్రపంచమును ఐదు ప్రాంతములుగా విభజించి ఒక్కొక్క ప్రాంతమునకు ఒక్కొక్క నమోదు సంస్థను ఏర్పరచుకొనిరి. ఐరోపా, పశ్చిమాసియాలకు రైప్ ఎన్.సి.సి., ఉత్తర అమెరికాకు ఆరిన్, దక్షిణ అమెరికాకు లాక్నిక్, ఆఫ్రికాకు ఆఫ్రినిక్ ఉన్నవి. మన దేశము ఏపీనిక్ అను ఆసియా పసిఫిక్ సంస్థ పరిధిలోనిది. అది 1993లో ఆరంభమైనది. దాని కార్యాలయము ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నగరమున ఉన్నది. ఇవి లాభాపేక్ష లేని సభ్య సంస్థలు. మన దేశములో నిక్సీ అను సంస్థ ఆధ్వర్యమున 2012 నుండి ఐరిన్ అను జాతీయ నమోదు సంస్థ కూడ పనిచేయుచున్నది. సర్వీసు సంస్థలకు చిరునామాలు వచ్చు త్రోవ ఇది.

తొలి పంపకము సమముగా జరుగలేదు. అమెరికాలోని కొన్ని విశ్వవిద్యాలయములకు, కంపెనీలకు ఒక్కొక్కదానికి 1,67,77,216 చిరునామాలు గల పెద్ద దిమ్మెలు దక్కినవి. అందు మోసమేమియు లేదు. అడిగినవారికి ఇచ్చిరి. అప్పుడు అడిగినవారు తక్కువ. అయినను ఫలితము మనకు తెలిసినదే. కాలువ తల వద్ద భూములవారు నీరు నిండుగా పెట్టుకొనిన తరువాత చివరి భూములవారి వంతు వచ్చునప్పటికి కాలువ అడుగంటును. ఇంటర్నెట్‌కు ఆలస్యముగా వచ్చిన మన దేశము వంటివి చివరి ఆయకట్టు వంటివి.

2011 ఫిబ్రవరి 3వ తేదీన ప్రపంచపు ఉమ్మడి రాశిలో మిగిలిన చివరి ఐదు దిమ్మెలను ఐదు ప్రాంతములకు తలకొకటి చొప్పున ఇచ్చివేసిరి. అదే సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన ఏపీనిక్ మామూలు రాశి ముగిసి, ఆ చివరి దిమ్మె ఒక్కటే నిలిచినది. ఆసియా పసిఫిక్ సభ్యులు అప్పటికే ఒక కట్టుబాటు చేసికొని యుండిరి. ఆ చివరి దిమ్మె నుండి ఎంత పెద్ద సంస్థయైనను 1,024 చిరునామాలకు మించి తీసికొనరాదు. 2019లో ఆ పరిమితిని 512కు తగ్గించిరి. తిండిగింజలు అయిపోయినను విత్తనపు గింజలు తాకరాదని రైతు నియమము. రేపు క్రొత్తగా వ్యాపారము పెట్టుకొను చిన్న సంస్థకు కొన్ని చిరునామాలైనను దొరకవలెనని ఈ ఏర్పాటు చేసిరి.

అమ్మకమా, నిషేధమా?

రాశి తరుగుచున్నదని తెలిసిన నాడే పెద్ద ప్రశ్న పుట్టినది. ఒకచోట లక్షల చిరునామాలు వాడకము లేక పడియున్నవి. మరియొకచోట అవి లేక పని ఆగిపోవుచున్నది. అట్లయినపుడు ఉన్నవారు లేనివారికి బదిలీ చేయవచ్చునా? డబ్బు పుచ్చుకొనవచ్చునా?

పూర్వపు నియమము సరళము. అవసరము తీరినచో నమోదు సంస్థకు తిరిగి అప్పగింపవలెను. అట్లు చేసిన పెద్దలును ఉన్నారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము తన 1.67 కోట్ల దిమ్మెను 2000లో ఉచితముగా తిరిగి ఇచ్చివేసినది. కాని అందరును అట్లు చేయుదురని నమ్మి విధానము నిర్మింపలేము. 2017లో మసాచుసెట్స్ టెక్నాలజీ సంస్థ అట్టి దిమ్మెలోనే సుమారు సగభాగమును అమ్ముటకు నిశ్చయించినది. ఈ రెండు సంవత్సరముల నడుమ మారినది వస్తువు కాదు, దాని కరవు.

2007లో న్యూఢిల్లీ నగరమున జరిగిన ఏపీనిక్ సమావేశమునకు ఒక ప్రతిపాదన వచ్చినది. దానిని తెచ్చినవాడు ఆ సంస్థలోని శాస్త్రజ్ఞుడు జెఫ్ హ్యూస్టన్. దాని సారాంశమును మన భాషలో ఇట్లు చెప్పవచ్చును. కరవు వచ్చినపుడు అమ్మకము జరిగితీరును. మనము నిషేధించినచో అది చాటున జరుగును. చాటున జరిగినచో పట్టికలో ఒకరి పేరు, అనుభవములో మరియొకరి పేరు ఉండును. కావున బదిలీని గుర్తించి పట్టికకెక్కించుట మేలు.

పంచాయతీ సభ్యులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. తెల్లకాగితము మీద భూమి కొని, అడంగలులోనో పహాణీలోనో పేరు మార్పించుకొనని వారి తగవులు మీరెన్ని చూచియుండరు! విక్రేత పేరు మీదనే పట్టిక నిలిచియుండును. అతని కుమారుడు మరల ఇంకొకరికి అమ్మును. మూడు కుటుంబములు కోర్టుల చుట్టు తిరుగును. చిరునామాల విషయమునను అంతే. ఒకే చిరునామా తనదని రెండు సంస్థలు చాటినచో సమాచారము దారి తప్పును.

ఎదుటి వాదమును తేలికగా తీసివేయదగినది కాదు. ఈ సంఖ్యలు ఎవరును దున్ని పండించినవి కావు, ఉచితముగా పొందినవి. వానిని అమ్ముకొనుట అనుమతించినచో ముందు వచ్చినవారు కూర్చుండి లాభము తీయుదురు. ధనికులు కొని నిలువచేసి ధర పెంచుదురు. బీద దేశములు, చిన్న సంస్థలు నష్టపోవును. ఉమ్మడి చెరువును వాటాలు వేసి విక్రయించినట్లగును.

రెండు వాదములును సమావేశము తరువాత సమావేశమున చర్చింపబడినవి. ప్రతిపాదన మరల మరల దిద్దబడినది. 2009లో బీజింగులో ఏకాభిప్రాయము కుదిరి, 2010 ఫిబ్రవరిలో బదిలీ విధానము అమలులోనికి వచ్చినది. మొదటి మాట నుండి అమలు వరకు రెండున్నర సంవత్సరములు పట్టినది. అది ఆలస్యమని కొందరు విసుగుకొనిరి. కాని ఇట్టి విషయములలో తొందరపడి కట్టిన గట్టు మొదటి వానకే తెగును.

అవసరము చూపవలెనా?

అసలు చిక్కు తరువాత వచ్చినది. బదిలీ పొందువాడు తనకు ఆ చిరునామాలు నిజముగా అవసరమని రుజువు చేయవలెనా, అక్కరలేదా? 2010 నాటి విధానమున, మామూలు రాశి ముగియు వరకే ఆ రుజువు అడుగవలెనని, తరువాత అక్కరలేదని ఉండెను. 2011 ఏప్రిల్‌లో రాశి ముగియగానే ఆ షరతు తొలగిపోయినది.

షరతు వద్దనువారి వాదము ఇది. డబ్బు పెట్టి కొనువానికి అవసరము లేకుండునా? నమోదు సంస్థ పని లెక్క వ్రాయుటయే గాని, వ్యాపారి లెక్కలు తరచి చూచుట కాదు. కఠినమైన పరిశీలన పెట్టినచో మరల చాటు బేరములే జరుగును. షరతు కావలెననువారు, పరిశీలన లేనిచో వాడుకొనువాడు కాక దాచుకొనువాడు కొనునని, కరవు ఇంకను పెరుగునని వాదించిరి.

ఇందు మరియొక లౌకికమైన మాట గలదు. వాడకము లేని చిరునామాలు ఎక్కువగా ఉన్నది ఉత్తర అమెరికాలో. అక్కడి ఆరిన్ సంస్థ, అవసరమును పరిశీలించు విధానము గల ప్రాంతమునకే తమ చిరునామాలు పంపనిత్తుమని పట్టుపట్టినది. అట్టి విధానము లేనిచో ఆసియా తన తలుపు తానే మూసికొనినట్లే. 2011 ఆగస్టు చివర దక్షిణ కొరియాలోని బుసాన్ నగరమున జరిగిన సమావేశమున సభ్యులు ఆలోచించి, అవసర నిరూపణ షరతును మరల పెట్టుటకు అంగీకరించిరి. 2012లో రెండు ప్రాంతముల నడుమ బదిలీకి దారి తెరువబడినది.

ఐరోపావారు ఇందుకు భిన్నముగా నడచిరి. వారు 2014లో తమ ప్రాంతము లోపలి బదిలీలకు అవసర నిరూపణను తీసివేసిరి. కాని అమెరికా నుండి తెచ్చుకొనవలసి వచ్చినపుడు, తెచ్చుకొనువాడు వానిలో సగమైనను ఐదేండ్లలో వాడునట్లు ప్రణాళిక చూపవలెనని వారును నియమము చేసికొనిరి. ప్రతి ప్రాంతము తన తీర్మానము తాను చేసికొనును. అయినను పొరుగువానితో ఇచ్చి పుచ్చుకొనవలెనన్నచో పొరుగువాని మాటకును విలువ ఇవ్వవలసి వచ్చును. ఊరి చెరువుకు నీరు పై ఊరి కలుజు నుండి రావలసియున్నపుడు మన ఊరి తీర్మానమొక్కటియే చాలదు గదా!

నేడు అమలులోనున్న నియమములు

ఆసియా పసిఫిక్ ప్రాంతమున నేడు అమలులోనున్న ముఖ్య నియమములను క్లుప్తముగా మనవి చేయుదుము.

ఒకటి: 256 చిరునామాలకు తక్కువైన తునుకలను బదిలీ చేయరాదు. అంతకన్న చిన్న తునుకలైనచో దారులు చూపు యంత్రముల పట్టికలు మోయలేనంతగా పెరుగును.

రెండు: ఇచ్చువాడు పట్టికలో నమోదైన హక్కుదారుడై యుండవలెను. ఆ చిరునామాల మీద తగవు ఉండరాదు.

మూడు: పుచ్చుకొనువాడు నమోదు సంస్థ ఖాతాదారుడై యుండవలెను. వచ్చు 24 మాసములలో ఆ చిరునామాలను ఎట్లు వినియోగించునో వివరమైన ప్రణాళిక చూపవలెను.

నాలుగు: విత్తనపు గింజలవలె ఉంచిన చివరి దిమ్మె నుండి పొందిన చిరునామాలను ఐదు సంవత్సరముల వరకు అమ్మరాదు. ఈ నియమము 2017లో వచ్చినది. చిన్న సంస్థ పేరిట చౌకగా తీసికొని వెంటనే లాభమునకు అమ్మువారిని అరికట్టుట దీని ఉద్దేశము. బీదలకిచ్చిన ఇంటి స్థలము పట్టా చేతికి రాగానే అమ్మరాదని షరతు పెట్టుటలోని భావమే ఇందును గలదు.

ధర ఎంత యని నమోదు సంస్థ నిర్ణయింపదు. అది ఇచ్చువాడు, పుచ్చుకొనువాడు మాటలాడుకొనునది. కాని డబ్బు చేతులు మారినంత మాత్రమున బదిలీ పూర్తి కాదు. పట్టికలో పేరు మారిన నాడే అది బదిలీ.

పట్టిక శుద్ధి

ఈ కట్టుబాటులన్నిటికి పునాది పట్టిక. ధర పెరిగిన కొలది పట్టిక మీద కన్ను పడును. ఆఫ్రికా ప్రాంతమున జరిగినది అందరికి హెచ్చరిక. అక్కడి నమోదు సంస్థ తన పట్టికను తానే తనిఖీ చేయించుకొని 2021లో ప్రకటించిన నివేదిక ప్రకారము, 40 లక్షలకు పైబడిన చిరునామాలు అక్రమముగా అన్యుల వశమైనట్లు తేలినది. వానిలో కొన్ని సంస్థ రాశి నుండియే పోయినవి. కొన్ని వెనుకటి హక్కుదారుల పేరిట పడియుండి, అడుగువారు లేక పోయినవి. అడుగువారు లేని భూమికే దొంగ పట్టాలు పుట్టుట మీకు తెలియనిది కాదు. తరువాత ఆ ప్రాంతమున వ్యాజ్యములు పెరిగి, సంస్థ పాలనయే కొంతకాలము స్తంభించినది. విధానము ఎంత చక్కగా వ్రాసినను, పట్టిక పట్టుకొను చేయి శుద్ధిగా లేనిచో ఫలము సున్న.

గ్రామమునకు కలుగునదేమి?

ఇప్పుడు మీ ప్రశ్నకు వత్తుము. ఇది మన ఊరిని ఎట్లు తాకును?

మొదటిది ధర. 2011లో దివాలా తీసిన నోర్టెల్ అను కంపెనీ నుండి మైక్రోసాఫ్ట్ కంపెనీ 6,66,624 చిరునామాలను 75 లక్షల డాలర్లకు కొనినది. అనగా ఒక్కొక్కటి సుమారు 11 డాలర్లు పడినది. పది సంవత్సరములు గడచునప్పటికి ధర 50 డాలర్ల దరిదాపునకు ఎగబ్రాకి, పిమ్మట దిగినది. చిరునామా ఒక్కటి 30 డాలర్లనుకొందము. కనీసపు తునుక 256 చిరునామాలకు 7,680 డాలర్లగును. పెద్ద కంపెనీకి ఇది లెక్క కాదు. మండల కేంద్రమున కేబులు వేసి చుట్టుపట్ల గ్రామములకు ఇంటర్నెట్ ఇచ్చు చిన్న సంస్థకు ఇది భారము. నమోదు సంస్థ నుండి దొరకు 512 చిరునామాలు వాడుకొనిన తరువాత వేయి ఇండ్లకు సరఫరా చేయవలెనన్నచో అతడు ఏమి చేయును?

రెండవది పంపకపు ఇబ్బంది. చిరునామాలు చాలని సంస్థ ఒకే చిరునామాను పదులకొలది ఇండ్లకు, ఒక్కొక్కచోట అంతకన్న ఎక్కువ ఇండ్లకు ఉమ్మడిగా వాడును. వీథి కంతకు ఒకటే ఇంటి నంబరు వేసినట్లు. చదువుకొనుటకు, చూచుటకు ఇది సాగును. కాని బయటినుండి మీ పంచాయతీ కార్యాలయపు కెమెరాను గాని, మంచినీటి పంపు మీద అమర్చిన యంత్రమును గాని నేరుగా పిలువవలెనన్నచో చిక్కు వచ్చును. ఉమ్మడి చిరునామా వాడువారిలో ఒకడు దుర్వినియోగము చేసి ఏదైన వెబ్‌సైటు ఆ చిరునామాను నిషేధించినచో, నిరపరాధులైన పొరుగువారికిని ద్వారము మూయబడును. మోసము జరిగి పోలీసువారు ఆరా తీసినపుడు, చిరునామా ఒక్కటి చూచి దోషిని పట్టలేరు. ఏ క్షణమున, ఏ పోర్టు సంఖ్యతో వాడిరో సంస్థ దాచిన లెక్కలు కూడ కావలెను.

కావున బదిలీ నియమములు చిన్న సంస్థకు అందుబాటుగా ఉన్నవా, నిలువదారులకు లోబడి ఉన్నవా అనుదానిపై మన ఊరి ఇంటర్నెట్ మంచిచెడ్డలు కొంతవరకు ఆధారపడియున్నవి.

శాశ్వత పరిష్కారము

బదిలీ కరవు నాటి సర్దుబాటు మాత్రమే. ఉన్నదానిని అటునిటు మార్చుటయే గాని అది ఒక్క చిరునామానైనను క్రొత్తగా పుట్టింపదు. అసలు పరిష్కారము ఆరవ రకము చిరునామా, అనగా ఐ.పి.వి.6. దీని తొలి రూపము 1995లోనే ప్రకటింపబడినది. ఇందలి చిరునామాల సంఖ్య వ్రాయుటకు 39 అంకెలు కావలెను. అక్కడ కరవు మాట లేదు.

మరి ఇంతకాలము ఎందుకు మారలేదని అడుగవచ్చును. పాత రకము, క్రొత్త రకము నేరుగా ఒకదానితో నొకటి మాటలాడజాలవు. ఎదుటివాడు మారినగాని నాకు లాభము లేదని ప్రతివాడును వేచియుండెను. మన దేశము ఈ విషయమున వెనుకబడలేదు. 2016లో జియో సంస్థ తన సేవలను క్రొత్త రకముతోనే ఆరంభించినది. పాత చిరునామాలు చాలక పోవుటయే మనకు మేలైనది. నేడు ఐ.పి.వి.6 వాడకమున భారతదేశము ప్రపంచములో ముందు వరుసనున్నది. కాని మొబైలు ఫోనులలో జరిగిన మార్పు తీగ ద్వారా వచ్చు సేవలలో, కార్యాలయములలో, చిన్న సంస్థలలో ఇంకను పూర్తికావలసి యున్నది.

కట్టుబాటు చేయువారు ఎవరు?

చివరకు మా శీర్షికలోని ప్రశ్నకు వత్తుము. ఈ నియమములను ఏ ఒక్క ప్రభుత్వమును చేయలేదు. ఏ కంపెనీ అధిపతియు చేయలేదు. ఏపీనిక్ సమావేశములు సంవత్సరమునకు రెండుమారులు జరుగును. మార్పు కోరువాడు ఎవరైనను, సభ్యుడు కాకున్నను, ముందుగా ప్రతిపాదన వ్రాసి ఇయ్యవచ్చును. అందరును చదువుదురు. సభలో వాదోపవాదములు జరుగును. చేతులు లెక్కించి నెగ్గించుట అక్కడి పద్ధతి కాదు. పెద్ద అభ్యంతరములన్నిటికి సమాధానము దొరకి సభ మొత్తము మీద సమ్మతించినగాని అంగీకరింపరు. అటుపిమ్మటను వ్యాఖ్యలకు గడువిచ్చి, కార్యవర్గము ఆమోదించిన తరువాతనే అమలు జరుపుదురు.

ఇది గ్రామసభ పద్ధతియే గదా! గ్రామసభకు పోనివాడు తీర్మానము తనకు నచ్చలేదని తరువాత వగచి ప్రయోజనము లేదు. ఆ సమావేశములందును అంతే. పెద్ద సంస్థలకు మనుష్యులను పంపు శక్తి ఉన్నది. చిన్న సంస్థల వారు, పల్లెలకు సరఫరా చేయువారు పోనిచో వారి కష్టము చెప్పువారుండరు. మన ప్రాంతము ఇట్టి సభలకు క్రొత్త కాదు. ప్రపంచ చిరునామా వ్యవస్థను పర్యవేక్షించు ఐకాన్ సంస్థపై అమెరికా ప్రభుత్వమునకు గల ఒప్పందపు అజమాయిషీ 2016 అక్టోబరు 1న ముగిసినది. ఆ తరువాత ఆ సంస్థ మొదటి మహాసభ అదే సంవత్సరము నవంబరులో మన హైదరాబాదు నగరముననే జరిగినది.

పంచాయతీ సభ్యులుగా మీరు చేయదగిన పనులు నాలుగు గలవు. కార్యాలయమునకు ఇంటర్నెట్ తీసికొనునపుడు ఐ.పి.వి.6 ఇచ్చుచున్నారా యని వ్రాతమూలముగా అడుగుడు. కెమెరాలకు, పంపులకు బయటినుండి చేరవలసిన చిరునామా ఉమ్మడిదా, ప్రత్యేకమైనదా యని విచారించుడు. మీ ఊరికి సరఫరా చేయు చిన్న సంస్థవారు ఐరిన్ వద్ద గాని ఏపీనిక్ వద్ద గాని తమ పేర నమోదు చేసికొనిరా, పట్టికలో తమ వివరములు సరిగా ఉంచుకొనిరా యని తెలిసికొని, వారిని ఈ సభలలో మాటలాడుటకు ప్రోత్సహింపుడు. ఇక నాలుగవది, ఇంటర్నెట్ చిరునామాలు కొని ఉంచుకొనుడు, రెట్టింపగును అని పల్లెలకు వచ్చి చెప్పువాడెవడైన ఉన్నచో నమ్మవలదు. సర్వీసు నడుపనివానికి, ప్రణాళిక చూపజాలనివానికి మన ప్రాంతమున బదిలీయే జరుగదు. వాడు అమ్మునది కాగితము మాత్రమే.

సభ్యులారా! నీరైనను, నేలయైనను, సంఖ్యయైనను, చాలనిదానిని పంచుకొనునపుడు మూడు మాటలు విడువరాదు. లెక్క నిజముగా ఉండవలెను. అవసరమున్నవానికి ముందు దక్కవలెను. రేపు వచ్చువానికి కొంత మిగులవలెను. ఈ మూడును నిలుపుకొనుటకు దూరదేశముల సభలలో జరుగుచున్న యత్నము మన పంచాయతీ పనికి భిన్నమైనది కాదని గుర్తించి, దానియందు శ్రద్ధ వహింపుడని కోరుచున్నాము.